ముందే విచ్చుకుంటే?

నాలుగు రోజులు ముసురు పట్టిందంటే పాత ఇళ్లలో తలుపు ఉబ్బి ద్వారబంధానికి పట్టేస్తుంది. వడ్రంగి వచ్చి పై అంచు జోలికి పోడు, పక్క అంచుకే చిత్రిక పడతాడు. చెక్క నిలువునా పెరగదు, అడ్డంగానే ఉబ్బుతుందని ఆయనకు తెలుసు.

మనల్ని విసిగించే ఆ గుణంతోనే అమెరికాలోని హార్వర్డ్ పరిశోధకులు 2016లో పువ్వు పూయించారు. నీరు పీల్చే జెల్‌లో చెక్క నుంచి తీసిన సెల్యులోజ్ పోగులు కలిపి, అవి ఎటు వాలాలో చూసుకుంటూ, పొరలు పేర్చి వస్తువులు చేసే త్రీడీ ప్రింటర్‌తో ఆర్కిడ్ రేకులు గీశారు. బల్లపరుపుగా ఉన్న ఆ గీతను నీళ్లలో వేస్తే రేకులు ఒంపు తిరిగి పువ్వై నిలిచాయి. మోటారు లేదు, తీగ లేదు. ఆ ఒంపుల లెక్క కట్టడంలో పాలుపంచుకున్న హార్వర్డ్ ఆచార్యుడు మహదేవన్ మద్రాస్ ఐఐటీలో చదివినవారే. అమెరికాలోనే ఎంఐటీ విశ్వవిద్యాలయానికి చెందిన స్కైలార్ టిబిట్స్ 2013లోనే ఈ విద్యకు ‘ఫోర్‌డీ ప్రింటింగ్’ అన్న పేరును ప్రచారంలోకి తెచ్చారు. పొడవు, వెడల్పు, ఎత్తుల తర్వాత నాలుగో కొలత కాలం: తయారైన వస్తువు ఆ తర్వాత తనంతట తానే ఆకారం మార్చుకుంటుంది.

పువ్వు ముచ్చటే అనుకునేవారికి మిషిగన్ వైద్యులు 2015లో వేరే జవాబు ఇచ్చారు. శ్వాసనాళం మెత్తబడి ఊపిరి అందని ముగ్గురు పసివాళ్లకు ప్రింటర్‌పై చేసిన తొడుగులు అమర్చారు. బిడ్డ ఎదిగేకొద్దీ నాళంతోపాటు తొడుగూ విచ్చుకుంటుంది, పని తీరాక ఒంట్లోనే కరిగిపోతుంది. ఈ విద్యను సమర్థించడానికి మాకు ఇదొక్కటి చాలు.

మా శంక వేరే చోట ఉంది. కొన్ని పదార్థాలను ఒంటి వేడి తగలగానే, అంటే 37 డిగ్రీల దగ్గర, తెరుచుకునేలా తయారుచేయవచ్చు. మే నెలలో విజయవాడలో రేకుల కప్పు వేసిన గోదాము ఆ అంకెను పొద్దెక్కకముందే దాటేస్తుంది. రోగి ఒంట్లో విచ్చుకోవలసింది అట్టపెట్టెలోనే విచ్చుకుంటే? తేమతో కదిలే వస్తువుకు విశాఖ గాలి చాలదా? చల్లని ప్రయోగశాలలో ఈ ప్రశ్న ఎవరికీ తట్టకపోవచ్చు.

అందుకే ఇలాంటి వైద్య పరికరాన్ని ఫ్యాక్టరీ గేటు దగ్గర కొలిచి ముద్ర వేస్తే సరిపోదు. ఒక పూర్తి ఎండాకాలం, ఒక పూర్తి వానాకాలం మన గోదాముల్లో ఉంచి, తీసి, మళ్లీ కొలవాలి. హైదరాబాద్‌లో త్రీడీ ప్రింటింగ్ రంగానికి జాతీయ కేంద్రం ఉంది, ఆ పని అక్కడే మొదలుపెట్టవచ్చు. టీకాల్లా చల్లని పెట్టెల్లోనే పంపక తప్పదని తేలితే, ఆ ఖర్చు కంపెనీదా, ఆసుపత్రిదా, బిడ్డ తల్లిదండ్రులదా అన్నది అనుమతి పత్రంలోనే రాయాలి.