కళ్లు మండితేనే శుభ్రం

బాత్రూమ్ కడిగాక కళ్లు మండాలి, గొంతు గరగరలాడాలి. రెండు తుమ్ములు, నాలుగు దగ్గులు పడితే పని పద్ధతిగా జరిగినట్టు లెక్క. ఏమీ కాలేదంటే సీసాలో నీళ్లు కలిపి అమ్మారని అనుమానించాల్సిందే.

ఈ నియమాన్ని నేను నిష్ఠగా పాటిస్తాను. మొన్న టాయిలెట్‌లో గార ఎంతకీ వదల్లేదు. యాసిడ్ క్లీనర్ పోశాను. చాల్లేదనిపించి పైన బ్లీచ్ కూడా పోశాను. ఇద్దరు వస్తాదులు కలిస్తే గార నిలుస్తుందా? ఆ రెండూ కలిస్తే పుట్టేది క్లోరిన్ గ్యాస్. 1915 ఏప్రిల్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో, బెల్జియంలోని ఈప్ర్ దగ్గర ఇదే గ్యాస్‌ను శత్రువు మీదికి వదలడానికి జర్మన్ సైన్యం వేల సిలిండర్లు మోసుకొచ్చి, గాలి ఎప్పుడు తమవైపు నుంచి వీస్తుందా అని కాచుకు కూర్చుంది. నాకు అంత శ్రమ లేదు. బాత్రూమ్ తలుపు మూసుకున్నాను, అంతే.

"కలపొద్దని సీసా మీద రాసుంది కదండీ!" అని మా ఆవిడ బయటినుంచి కేకేసింది. రాసుంది, నిజమే. సీసా వెనకాల, చీమ తలకాయంత అక్షరాల్లో. ముందు మాత్రం '99.9 శాతం క్రిములు మాయం' అని వీధి చివరికి కనబడేంత లావున ఉంది. క్రిములు చావాలంటే మందు కొన్ని నిమిషాలు తడిగా నిలవాలన్న సంగతి కూడా ఆ చీమ తలకాయల్లోనే ఎక్కడో ఉంటుంది. మనం చల్లిన చేత్తోనే తుడిచేస్తాం. క్రిములకు స్నానం చేయించి సాగనంపడమన్నమాట.

'పెర్ఫ్యూమ్' అని ఇంకో మాట. ఒక్క పదమే, వెనక ఎన్ని రసాయనాలున్నాయో అడిగితే వ్యాపార రహస్యం. అందులో నిమ్మజాతి వాసననిచ్చే లిమోనీన్ గాలిలోని ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్ అనే విషవాయువు పుడుతుంది. గది మాత్రం కమ్మగా ఉంటుంది.

పాపం, క్రిములను చంపే రసాయనం ట్రైక్లోసాన్‌కు జరిగింది మాత్రం అన్యాయం. యాంటీబాక్టీరియల్ సబ్బుల్లో ఏళ్ల తరబడి రాజ్యమేలింది. 2016లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దాన్నీ, ఇంకో 18 పదార్థాల్నీ చేతులు, ఒళ్లు కడుక్కునే సబ్బుల్లో వాడొద్దంది. రోజూ వాడినా ప్రమాదం లేదనీ, మామూలు సబ్బు కంటే బాగా పనిచేస్తాయనీ కంపెనీలు రుజువు చూపలేకపోయాయట. మామూలు సబ్బుతో పోలికా! పగవాడికి కూడా వద్దు ఈ అవమానం.

ప్రస్తుతం బాత్రూమ్ కిటికీ బార్లా తెరిచి ఉంది. రెండు సీసాలూ మా ఆవిడ బీరువాలో పెట్టి తాళం వేసింది. గార అలాగే ఉంది.