పదకొండేళ్లకే మోకాలికి టేపా?

పొద్దున్న అయిదున్నరకి బెంగళూరు మారతహళ్ళిలో ఒక బ్యాడ్మింటన్ అకాడమీ బయట మేం చూసిందిది. కారు వెనక సీట్లో పదకొండేళ్ల పాప సగం నిద్రలో ఉంది, వాళ్ళమ్మ "లే బంగారం, సార్ అరుస్తారు" అంటూనే మోకాలి చిప్ప కింద టేపు అతికిస్తోంది, రెండు నెలల నుంచీ నొప్పట, అయినా అండర్ థర్టీన్ టోర్నీ దగ్గర పడిందని రెస్ట్ లేదు. ఎదిగే పిల్లల ఎముకల చివర మెత్తగా ఉంటుంది, అదేపనిగా గెంతిస్తే ముందు నొప్పెట్టేది అక్కడే.

అందుకే ఎలైట్ ఆటల్లో కనీస వయసు రూల్ ఉండాల్సిందే అంటున్నాం. మంచు మీద జారుతూ గెంతులేసే ఫిగర్ స్కేటింగ్ సంగతే చూడండి, సన్నటి తేలికైన ఒళ్ళుంటే గాల్లో నాలుగు చుట్లు తిరగడం ఈజీ, దాంతో పిల్లలు ఎదిగేలోపే పతకాలు పిండుకోవాలని కోచ్‌ల తొందర, ఆ తర్వాత ఆ పిల్ల ఏమైపోయినా ఇంకో పిల్ల రెడీగా ఉంటుంది. 2022 బీజింగ్ ఒలింపిక్స్‌లో డోపింగ్ గొడవ మధ్య 15 ఏళ్ల రష్యా స్కేటర్ కమిలా వలియెవా ఐస్ మీద పడుతూ లేస్తూ ఉంటే ప్రపంచమంతా చూసింది, అదే ఏడాది జూన్‌లో అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ సీనియర్ పోటీలకి కనీస వయసుని 15 నుంచి మెల్లగా 17కి పెంచాలని తీర్మానించింది. పతకం పదిహేడేళ్లకే వస్తుందంటే ఒళ్ళు అప్పటిదాకా పాడవకుండా చూసుకోవాల్సిన అవసరం కోచ్‌కే వస్తుంది కదా, మాకు ఈ రూల్‌లో నచ్చింది అదే.

మన బెంగళూరు అమ్మాయి ధినిధి దేశింగు 14 ఏళ్లకే పారిస్ ఒలింపిక్స్‌లో ఈదింది, మాకూ గర్వమే, అన్ని ఆటలకీ ఒకే గీత గీయమని మేం అనట్లేదు. దొంగ సర్టిఫికెట్ల బెడదా ఉంది, సిడ్నీ ఒలింపిక్స్‌లో డాంగ్ ఫాంగ్‌షావ్ వయసు ఎక్కువ చూపించి ఆడిందని తేలి 2010లో చైనా జిమ్నాస్టిక్స్ టీమ్ కంచు పతకం పోయింది. మన దగ్గర ఉల్టా, వయసు తగ్గించి చూపిస్తారు, అందుకే క్రికెట్‌లో అసలు వయసు పట్టుకోడానికి మణికట్టు ఎక్స్‌రేలు తీస్తున్నారు.

కానీ సీనియర్ల గేటు దగ్గర కాపలా పెట్టి ఊరుకుంటే ఆ కారులో పాపకి ఒరిగేదేం లేదు, ఆమె మోకాలు అరుగుతున్నది అండర్ థర్టీన్ కప్పు కోసం. కాబట్టి కర్ణాటక క్రీడా శాఖని, అసోసియేషన్లని మేం అడుగుతున్నాం, పదమూడేళ్ల లోపు పిల్లలకి ర్యాంకింగులు ఎత్తేయండి, వారానికి ప్రాక్టీసు ఎన్ని గంటలు మించకూడదో డాక్టర్లని కూర్చోబెట్టి తేల్చి ప్రతి అకాడమీ గోడ మీదా రాయించండి, నొప్పి అన్న పిల్లని డాక్టర్ చీటీ లేకుండా కోర్టులోకి దింపితే ఆ అకాడమీ రిజిస్ట్రేషన్ ఆపేయండి, వచ్చే సీజన్ మొదలయ్యేలోపే.