శుద్ధి చేస్తే సరిపోదు, మాస్కు మిగలాలి

2020లో కొవిడ్ వేళ ఎన్‌95 మాస్కులు దొరకని రోజుల్లో, వాడినవాటినే మళ్లీ వాడేందుకు ఎవరికి తోచింది వారు చేశారు. కొందరు శానిటైజర్ చల్లారు, కొందరు సబ్బునీళ్లలో జాడించి మిద్దె మీద ఆరేశారు. వైరస్‌తో పాటు మాస్కూ పోయింది. నడిమి పొరలోని పాలీప్రొపిలీన్ పోగులపై ఉండే స్థిర విద్యుదావేశమే సూక్ష్మ కణాలను పట్టేది. ఆల్కహాల్, సబ్బు తగిలితే అది పోతుంది. పైకి మాత్రం మాస్కు కొత్తదానిలాగే కనిపిస్తుంది.

మే నెల తిరుపతి ఎండ కూడా ఈ పనికి రాదు. క్రిములను చంపే 254 నానోమీటర్ల అతినీలలోహిత కిరణాలను వాతావరణమే అడ్డుకుంటుంది. ఆ పని అతినీలలోహిత దీపాలతోనే జరగాలి. రెండు వైపులా చదరపు సెంటీమీటరుకు ఒక జౌలు మోతాదు అందాలి. పట్టీలపై నీడ పడుతుంది కాబట్టి వాటిని విడిగా తుడవాలి. తేమతో కూడిన 70 డిగ్రీల వేడిలో అరగంట ఉంచడం మరో మార్గం; పొడి వేడికి అంత బలం లేదు. ఆటోక్లేవ్‌లో (ఒత్తిడి ఆవిరి యంత్రంలో) 121 డిగ్రీలకు చాలా రకాల మాస్కుల ఆకారం చెడుతుంది. ఇథిలీన్ ఆక్సైడ్ వాయువుతో శుద్ధి చేసే ఈటీఓ యంత్రం జోలికి వెళ్లనే కూడదు, పీల్చే గుడ్డలో విషవాయువు అవశేషాలు మిగులుతాయి.

యంత్రాలు లేని చోట వంతుల పద్ధతే మేలు. మనిషికి అయిదు మాస్కులు, పట్టీపై పేరు, నంబరు. విప్పినది కాగితం సంచిలో అయిదు రోజులు ఆగాలి. ప్లాస్టిక్ కవరులో చెమ్మ ఆరదు. నవంబరు వానల్లో ఆ సంచులకు ఫ్యాను గాలి తగలాలి. అప్పటికీ దాన్ని అంటు మాస్కుగానే చూడాలి, లోపలి వైపు ముట్టరాదు.

పెట్టుకున్న ప్రతిసారీ రెండు చేతులతో కప్పి గట్టిగా ఊదాలి. అంచుల్లోంచి గాలి తగిలితే సర్దుకుని మళ్లీ చూడాలి, అప్పటికీ ఆగకపోతే తీసేయాలి. తయారీదారు వేరేగా చెప్పకపోతే అయిదుసార్లకు మించి వాడొద్దు. రక్తమో, పౌడరు మరకో అంటితే శుద్ధికి పంపనే కూడదు, పట్టీలు కత్తిరించి ఆసుపత్రి వ్యర్థాల పసుపు సంచిలో వేయాలి.

ఇది కరవు కాలపు ఏర్పాటే. అమెరికా కూడా 2020లో అత్యవసరంగా ఇచ్చిన శుద్ధి అనుమతులను సరఫరా కుదుటపడ్డాక 2021లో వెనక్కి తీసుకుంది. తిరుపతిలోని రుయా, స్విమ్స్ ఆసుపత్రులు మొదలు చిత్తూరు జిల్లా ఆసుపత్రి దాకా ఈ నియమాలు ముందే రాసి ఉంచాలన్నది మా డిమాండు. టెండరులోనే ఏ మాస్కుకు ఏ శుద్ధి నప్పుతుందో అడగాలి. సెల్యులోజ్ (కాగితం, దూదిలో ఉండే పీచు) కలిసిన రకాలు శుద్ధికి వాడే హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరిని పీల్చేసుకుంటాయి, అవి కొన్నాక ఆ ఆవిరి యంత్రం ఉన్నా ఉపయోగం లేదు.