సురభి కమలాబాయి గురించి తిరుగుతున్న ఆ మెసేజ్ తప్పు

మా హన్మకొండ గ్రూపుల్లో వారం నుంచి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. సినిమా వచ్చేదాకా తెలుగు స్టేజీ మీద ఆడవాళ్ళే లేరట, 1931 సెప్టెంబర్ 15న విడుదలైన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద'లో కమలాబాయి అనే అనుభవం లేని అమ్మాయిని తెచ్చి హీరోయిన్‌ని చేశారట, ఆ ఒక్క సినిమాతోనే ఆమె కనుమరుగైందట. బాగా చదువుకున్నవాళ్ళు కూడా షేర్ చేస్తుంటే మనసు కష్టమై రాస్తున్నా.

తేదీ తప్పు. ఆ సినిమాకు సెన్సార్ అయిందే 1932 జనవరి 22న, బొంబాయిలో ఫిబ్రవరి 6న విడుదలైంది. సినిమా చరిత్ర పరిశోధకుడు రెంటాల జయదేవ ఆధారాలతో సహా తేల్చిన సంగతి ఇది.

ఆడవాళ్ళు లేరనడం ఇంకా పెద్ద తప్పు. మగవాళ్ళే ఆడవేషాలు కట్టిన నాటకాలూ ఉన్నాయి, వాటిలో స్థానం నరసింహారావు గారి సత్యభామ గొప్పదే, కాదనను. కానీ 1885లో కడప జిల్లా సురభి ఊళ్ళో మొదలైన సురభి నాటక సమాజంలో ఇంటి ఆడవాళ్ళే ఆడవేషాలు కట్టారు. మన తెలంగాణ పల్లెల్లో ఆడే చిందు భాగవతంలోనూ అంతే, నిజామాబాద్ జిల్లా చిందుల ఎల్లమ్మ కట్టిన చెంచులక్ష్మి వేషాన్ని మర్చిపోయారా?

చిన్నప్పుడు హన్మకొండలో సురభి వాళ్ళ నాటకం చూస్తూ తెర పక్క సందులోంచి తొంగిచూశా. శశిరేఖ వేషంలో ఉన్నావిడ చంటిదానికి పాలు పట్టి, పక్కనున్న ముసలమ్మ చేతిలో పెట్టి, జడ సర్దుకుని స్టేజీ మీదికి పోయి పద్యం అందుకుంది. కమలాబాయి పుట్టిందీ అలాంటి ఇంట్లోనే. వేషం కట్టి ఉండగానే వాళ్ళమ్మకు నొప్పులొచ్చి, నాటకం మధ్యలో కమలాబాయి పుట్టిందని చెప్పుకుంటారు. కృష్ణుడు, ప్రహ్లాదుడు వేషాలు కడుతూ పెరిగిన మనిషిని అనుభవం లేని అమ్మాయి అంటే ఎట్లా? ప్లేబ్యాక్ లేని రోజులు, ప్రహ్లాదుడి తల్లి లీలావతిగా నటిస్తూ తన గొంతుతోనే పాడాలి, స్టేజీ మీద పద్యం అలవాటైన గొంతు కాబట్టే నిలబడింది. ఆ సినిమాకు పాటలు రాసిన చందాల కేశవదాసు మన ఖమ్మం జిల్లా మనిషి, ఆ మాట కూడా మెసేజ్‌లో లేదు.

ఇక కనుమరుగు సంగతి. అదే 1932లో 'పాదుకా పట్టాభిషేకం'లో సీత, 'శకుంతల'లో శకుంతల ఆమే. తర్వాత 19 ఏళ్ళకు 1951లో, మన ఇళ్ళలో ముసలోళ్ళ నుంచి పిల్లల దాకా డైలాగులు కంఠతా వచ్చిన 'పాతాళభైరవి'లో కూడా ఉంది. ఈసారి టీవీలో వచ్చినప్పుడు తోటరాముడి తల్లిని చూడండి. ఆవిడే కమలాబాయి.