తీర్పుకు కమిషనా?

వాద్య పత్రిక మూతపడిన ప్రతిసారీ నింద పాఠకుడి మీదికే పోతోంది. 1967లో మొదలైన ‘గిటార్ ప్లేయర్’ 2024తో ముద్రణ ఆపేసింది. 1994లో పుట్టిన ‘టోటల్ గిటార్’ కూడా అదే ఏడాది ఆగింది. 1975 నాటి ‘కీబోర్డ్’ 2017లోనే మరో పత్రికలో కలిసిపోయింది. వీటికన్నా చిన్నవి, ఒకే వాద్యాన్ని నమ్ముకుని నడిచినవి ఎప్పుడు ఆగాయో కూడా చాలామందికి తెలియదు. అడిగితే ఒకటే జవాబు: చదివేవాళ్లు లేరు, కాలం మారింది. ఆగిపోయిన పత్రికలన్నిటిదీ ఒకే కథ అని మేం అనడం లేదు. అయితే ఈ రంగం మొత్తాన్నీ పట్టుకున్న అలవాటు ఒకటుంది. సమీక్ష కింద ‘ఇక్కడ కొనండి’ అంటూ ఒక లంకె పెడతారు. ఆ లంకె నొక్కి కొన్న ప్రతి వాద్యం మీదా ప్రచురణకర్తకు కమిషన్ ముడుతుంది. అమ్మకంలో వాటా తీసుకునేవాడు ఇచ్చే తీర్పును పాఠకుడు ఎందుకు నమ్మాలి? నమ్మని తీర్పుకు చందా ఎందుకు కట్టాలి?

కాగితం, తపాలా ఖర్చులు పెరిగాయి. ప్రకటనలు ఫోన్ తెరల మీదికి తరలిపోయాయి. పాఠాలు వీడియోల్లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఇదంతా నిజమే.

కానీ ఇవే గడ్డు రోజుల్లో నిలబడినవీ ఉన్నాయి. ఫిడేలు కుటుంబపు వాద్యాల కోసం 1890లో మొదలైన ‘ది స్ట్రాడ్’ ఇప్పటికీ వస్తోంది. అందులోనూ వ్యాపారుల ప్రకటనలు ఉంటాయి. అయినా పాత ఫిడేళ్ల కొలతలతో సహా అది అచ్చువేసే పోస్టర్లను వాద్యాలు చేసేవాళ్లు పని బల్ల ఎదురుగా గోడకు అంటించుకుంటారు. వాద్యాల చరిత్రకే పరిమితమైన ‘గాల్పిన్ సొసైటీ జర్నల్’ 1948 నుంచి ఉంది. తంత్రీ వాద్యాలు తయారుచేసేవాళ్ల సంఘం 1985 నుంచి నడుపుతున్న ‘అమెరికన్ లూథరీ’ సభ్యత్వ రుసుముతోనే సభ్యుల ఇళ్లకు చేరుతుంది. వాద్యాల పూర్తి పరిమాణపు నమూనా పటాలు కూడా ఆ సంఘమే అమ్ముతుంది. ఈ రెండు జర్నళ్లనూ పోషిస్తున్నది సభ్యులు. అక్కడ ఒక వాద్యం గురించి ఏం రాశారన్నదానికీ, అది ఎన్ని అమ్ముడైందన్నదానికీ లంకె లేదు. కొద్దిమంది కోసమే నడిచే పత్రిక బతకగలదనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

చిన్న వాద్య పత్రికకు ఒక పుట్టు బలహీనత ఉంది. దాన్ని నడిపేవాళ్లకు ఇది బాగా తెలుసు, బయటకు చెప్పరు. మాండొలిన్‌కో, అకార్డియన్‌కో పత్రిక పెడితే ప్రకటన ఇవ్వగలిగినవాళ్లు ఓ ఇరవై మంది ఉంటారు. సమీక్షకు వాద్యం పంపేదీ ఆ ఇరవై మందే, కవర్ పేజీ కొనుక్కునేదీ ఆ ఇరవై మందే. కార్ల పత్రిక ఒక కంపెనీకి కోపం తెప్పించినా మిగతావాళ్లతో నెట్టుకొస్తుంది. ఇక్కడ ఇద్దరు ప్రకటనదారులు అలిగితే ఆ నెల సంచిక ఆగిపోతుంది. అందుకే ఇలాంటి పత్రికలో ఎడిటర్‌కూ ప్రకటనల విభాగానికీ మధ్య గోడ మిగతాచోట్ల కన్నా ఎత్తుగా ఉండాలి. జరిగింది దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రకటన తగ్గిందని కమిషన్ తెచ్చుకున్నారు. ప్రకటన అయితే కనీసం వేరే పేజీలో ఉండేది, దాన్ని ప్రకటనగానే పాఠకుడు చదివేవాడు. కమిషన్ నేరుగా సమీక్ష వాక్యంలోకే వచ్చి కూర్చుంది. కంచే చేను మేస్తే కాపలా ఎవరిది?

దీని ఫలితం చూడాలంటే ఒక మామూలు సమీక్ష ఎలా తయారవుతోందో గమనిస్తే చాలు. కంపెనీ తన గోదాములోంచి ఒక గిటారును ఏరి, నిపుణుడితో మెట్లు సరిచేయించి, కొత్త తీగలు కట్టించి పంపుతుంది. పత్రిక దాన్ని వారమో పది రోజులో ఉంచుకుంటుంది. ఫొటోలు తీస్తుంది, రెండు పాటలు వాయిస్తుంది, తిప్పి పంపుతుంది. కంపెనీ చెప్పిన రోజున, చెప్పిన గంటకు సమీక్ష వెలువడుతుంది. దుకాణంలో పాఠకుడి చేతికొచ్చే గిటారు మాత్రం అది కాదు. పైగా గిటారులో వచ్చే లోపాలు చాలావరకు మొదటి పది రోజుల్లో బయటపడవు. సాధారణంగా వాడే 12 గేజ్ (సన్న తీగ మందం అంగుళంలో వెయ్యింట పన్నెండో వంతు) ఉక్కు తీగలు కట్టి శ్రుతి చేస్తే ఆరు తీగల లాగుడు కలిపి 70 కిలోలు దాటుతుంది. ఆ బరువుకు బ్రిడ్జి (పెట్టె మీద తీగలను ఆనించే చెక్క) వెనక పైచెక్క ఉబ్బడానికి, మెడ వంగడానికి నెలలు పడుతుంది. గాలి పొడిబారితే మెట్లు బిగించిన చెక్కపట్టీ, అంటే ఫింగర్‌బోర్డు, కుంచించుకుపోయి మెట్ల అంచులు బయటికి పొడుచుకొస్తాయి, వేలికి గీసుకుంటాయి. అది తెలియాలన్నా కనీసం ఒక ఋతువు గడవాలి. పది రోజుల సమీక్షలో పాఠకుడికి మిగిలేది పాలిష్ మెరుపు ఒక్కటే.

నిజమైన పరీక్షకు పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వాద్యాన్ని పేరు చెప్పకుండా దుకాణంలో కొనాలి. పెట్టె తెరిచిన రోజునే, ఏదీ ముట్టుకోకముందే కొలవాలి. పన్నెండో మెట్టు మీద తీగ ఎత్తు ఎంతో స్కేలుతో చూడాలి. ఉక్కు తీగల గిటారుకు సన్న తీగ వద్ద 2 మిల్లీమీటర్లు, లావు తీగ వద్ద 2.5 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చేతికి హాయి. తీగను మొదటి మెట్టు దగ్గరా, మెడ పెట్టెతో కలిసేచోటా ఒకేసారి నొక్కి, ఏడో మెట్టు దగ్గర తీగ కింది ఖాళీని ఫీలర్ గేజ్‌తో, అంటే సన్న ఖాళీలు కొలిచే పలుచని రేకులతో, కొలవాలి. అది 0.1 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. అసలు ఖాళీ లేకపోతే తీగ మెట్లకు తగిలి గరగరమంటుంది, మరీ ఎక్కువైతే మెడ మధ్యలో వేళ్లు అలసిపోతాయి. తర్వాత పన్నెండో మెట్టు మీద తీగను తాకీ తాకనట్టు మీటి వచ్చే స్వరాన్నీ, అదే మెట్టు నొక్కితే వచ్చే స్వరాన్నీ ట్యూనర్ మీద పోల్చాలి. తేడా ఐదు సెంట్లు (సెంటు అంటే అర్ధస్వరంలో నూరో వంతు) దాటితే మెడ పైభాగంలో వాయించిన ప్రతి కార్డూ, అంటే ప్రతి స్వరాల కలయికా, అపశ్రుతే. గదిలో తేమ ఎంత ఉందో పక్కనే రాసుకోవాలి, ఎందుకంటే అది తెలియకపోతే పై అంకెలకు విలువ లేదు. ఆరు నెలల తర్వాత ఇవే కొలతలు మళ్లీ తీసి, రెండు వరుసలూ పక్కపక్కనే అచ్చువేయాలి. పని అయ్యాక వాద్యాన్ని అమ్మేస్తే పెట్టిన సొమ్ములో ఎక్కువ భాగం వెనక్కి వస్తుంది. దీనికి కావలసినవి ఒక స్కేలు, ఒక ఫీలర్ గేజ్, ఒక ట్యూనర్, ఒక తేమ మాపకం, ఆరు నెలల ఓపిక. కమిషన్ వ్యాపారంలో ఆ ఓపికకు చోటు లేదు. కొత్త మోడల్ విడుదలైన వారంలోనే కొనుగోళ్లు జోరుగా ఉంటాయి కాబట్టి, వాటా కావాలంటే సమీక్ష ఆ వారమే రావాలి.

ఇంకో సంగతి. వాద్యం కొనుక్కున్న మనిషి పదేళ్లదాకా మరొకటి కొనకపోవచ్చు. మంచి ఫిడేలు అయితే మనవడి చేతికీ వెళ్తుంది. అలాంటి పాఠకుడికి నెలనెలా కొత్త మోడళ్లు చూపిస్తూ, ‘చదవడం మానేశాడు’ అని వాపోతే ఎలా? అతనికి కావలసింది తన దగ్గరున్నదాన్ని కాపాడుకునే విద్య. ఫిడేలు తీగలన్నీ ఒకేసారి విప్పితే లోపల పై, అడుగు చెక్కల మధ్య నిలబడ్డ సౌండ్ పోస్ట్ అనే చిన్న కర్ర పడిపోవచ్చు, దాన్ని మళ్లీ నిలబెట్టడం అందరి పనీ కాదు. అందుకే తీగలు ఒక్కొక్కటిగానే మార్చాలి. బిరడలు బిగిస్తున్నకొద్దీ బ్రిడ్జి ముందుకు ఒరుగుతుంది. ప్రతి తీగా మార్చాక దాన్ని రెండు చేతులతో పట్టుకుని నిటారు చేయకపోతే ఒకరోజు ఫట్‌మని పడి పైచెక్కకు గాటు పెడుతుంది. వీణ మీది 24 మెట్లూ మైనంలోనే కూర్చుని ఉంటాయి. వేడికి మైనం మెత్తబడితే మెట్టు కుంగి స్వరస్థానం తప్పుతుంది, మళ్లీ మేళం కట్టక, అంటే మెట్లను శ్రుతికి సరిగా మైనంలో అమర్చక, తప్పదు.

పాత సింథసైజర్ సంగతీ అంతే. కీ కింద రెండు కాంటాక్టులు ఉంటాయి. మొదటిది తగిలాక రెండోది తగలడానికి పట్టిన వ్యవధిని బట్టి ఎంత గట్టిగా నొక్కామో యంత్రం లెక్కగడుతుంది. ఒకదాని మీద దుమ్ము చేరితే మెల్లగా నొక్కినా స్వరం అరుస్తుంది. చాలామంది బోర్డు పాడైందనుకుని వాద్యాన్నే పారేస్తారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదిపుల్లతో తుడిస్తే చాలాసార్లు బాగైపోతుంది. లోపలి మెమరీ బ్యాటరీ మార్చేముందు ప్యాచ్‌లన్నీ (దాచుకున్న ధ్వనుల అమరికలు) సిసెక్స్‌గా, అంటే మిడి తీగ ద్వారా పంపే డేటాగా, కంప్యూటర్‌లోకి దించుకోవాలి. లేదంటే బ్యాటరీ తీసిన క్షణాన అన్నీ పోతాయి. ఇలాంటి రెండు పేజీల వ్యాసం ఇరవై ఏళ్లపాటు పనికొస్తుంది, దాని కోసమే పాత సంచికలను దాచుకునేవాళ్లు ఉన్నారు. కానీ ఐదేళ్లనాటి కీబోర్డును బాగుచేసుకునే పద్ధతి రాస్తే ఎవరూ కొత్తది కొనరు, కమిషన్ రాదు. కాబట్టి ఆ వ్యాసాన్ని ఎవరూ రాయించరు. సమీక్షను పాడుచేసిన కమిషనే పత్రికలోంచి విద్యనూ తరిమేసింది.

ముద్రణ లెక్కలు అంత భయంకరమైనవేం కావు. పెద్ద షీటు మీద 16 పేజీలు ఒక ఫారం అవుతాయి. 64 పేజీల సంచికకు నాలుగు ఫారాలు సరిపోతాయి. 68 పేజీలు చేస్తే ఆ నాలుగు పేజీల కోసం మళ్లీ ప్లేట్లు చేసి యంత్రం ఎక్కించాలి. ఆఫ్‌సెట్‌లో ప్లేట్లకూ యంత్రం సర్దుబాటుకూ అయ్యే ఖర్చు 500 ప్రతులకైనా 5,000 ప్రతులకైనా ఒకటే, అందుకే కొన్ని వందల ప్రతులకు డిజిటల్ ముద్రణ చవక. దుకాణాల్లో పెట్టిన ప్రతులు అమ్ముడుపోకపోతే తుక్కులోకి పోతాయి, ఆ నష్టం ప్రచురణకర్తదే. ముందుగా చందా కట్టినవాళ్ల లెక్కకు సరిపడా అచ్చువేస్తే తుక్కు అన్నదే ఉండదు. నెలనెలా కాక మూడు నెలలకోసారి తెస్తే తపాలా ఖర్చు మూడో వంతుకు పడిపోతుంది, ఆరు నెలల పరీక్షలకూ వ్యవధి దొరుకుతుంది. ఏ ఒక్క తయారీదారు నుంచి వచ్చే సొమ్మూ మొత్తం ఆదాయంలో పదో వంతు దాటకుండా గీత గీసుకోవాలి. అమ్మకాల లంకెలు పూర్తిగా తీసేయాలి.

లంకె పెట్టి, అడుగున చిన్న అక్షరాల్లో ‘మాకు వాటా రావచ్చు’ అని రాస్తే సరిపోతుందని కొందరు వాదిస్తున్నారు. సరిపోదు. ఆ వాక్యం ప్రచురణకర్తను చట్టం నుంచి కాపాడుతుందేమో గానీ, సమీక్షకుడి కలాన్ని కాపాడదు. ‘ఈ వాద్యం కొనకండి’ అని రాస్తే తన సంస్థకు రాబడి సున్నా అని అతనికి తెలుసు. అందుకే ఆ మాటే సమీక్షల్లోంచి మాయమైంది. అన్ని వాద్యాలకూ ఐదింట నాలుగు నక్షత్రాలు పడుతున్నాయి. ఉచిత వీడియోల్లోనూ ఇదే రోగం ఉంది. చేతిలోని వాద్యాన్ని ఎవరు పంపారు, ఎవరు తిరిగి తీసుకోలేదు అన్నది చాలామంది చెప్పరు. అలాంటిచోట ఏ కంపెనీకీ రుణపడని ఒక్క పత్రిక ఉంటే పాఠకుడు వెతుక్కుంటూ వస్తాడు. పోటీదారులందరూ వదిలేసిన ఆ స్థానాన్ని పత్రికలే చేజేతులా వదులుకున్నాయి. మేమూ ప్రకటనల మీద నడిచే పత్రికే. ప్రకటన పేజీని అమ్ముకోవచ్చు, తీర్పును అమ్ముకోకూడదన్న గీత ఎక్కడుందో ఈ వృత్తిలో ఉన్న ఎవరికీ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. ఈరోజు గిటారుకు చెల్లిందన్నది రేపు మందుబిళ్లకూ, విత్తనానికీ, పాఠ్యపుస్తకానికీ చెల్లుతుంది. వాద్యాల పత్రిక చిన్నది కదా అని ఊరుకుంటే ఆ ఆనవాయితీ చిన్నదిగా ఉండిపోదు.

అన్నిటికన్నా కోపం తెప్పించేది మూసివేత జరిపే తీరు. సర్వర్ ఖర్చు దండగని దశాబ్దాల వ్యాసాలున్న వెబ్‌సైటును ఒక్క రాత్రిలో తీసేస్తారు. మరమ్మతు పద్ధతులు, కొలతలు, పాత వాద్యాల సర్క్యూట్ పటాలు, ఇప్పుడు లేని నిపుణుల మాటలు అన్నీ దానితో పాటే పోతాయి. కొత్త మోడళ్లకు కట్టిన లంకెల పేజీలు మాత్రం, వాటిలో ఇంకా రాబడి ఉంటే, నడుస్తూనే ఉంటాయి. ఏడాది చందా ముందే కట్టినవాళ్లకు మిగిలిన సంచికల బదులు వాళ్లు అడగని మరో పత్రికను పంపిస్తారు. ముద్రణ ఆపాలనుకుంటే ఆపండి, అది యజమాని ఇష్టం. ఆపేముందు పాత సంచికల పూర్తి సూచికను, స్కాన్లను ఏదైనా గ్రంథాలయానికి అప్పగించండి. ఆఖరి పదేళ్లలో ఏ సమీక్షకు ఎవరి నుంచి ఎంత కమిషన్ ముట్టిందో ఆఖరి సంచికలో అచ్చువేయండి. చందాదారులకు మిగిలిన సంచికల డబ్బు పైసాతో సహా తిరిగివ్వండి. చదివేవాళ్లు లేరన్న మాట ఆ తర్వాత ఎత్తండి.