హాల్ పోయింది, మనం మాట్లాడలేదు

జనవరి మొదటి వారంలో, ఇక్కడ ఇంగ్లండ్‌లో మన తెలుగు సంఘం ఉగాది ప్రోగ్రామ్‌కి హాల్ బుక్ చేద్దామని ఎప్పట్లాగే కౌన్సిల్‌కి, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, ఫోన్ చేశాను. అవతల అమ్మాయి కాసేపు వెతికి, ఆ హాల్ ఇప్పుడు మా దగ్గర లేదు, ట్రస్ట్ వాళ్ళకి ఇచ్చేశాం, వాళ్ళ నెంబర్ ఇస్తాను రాసుకోండి అంది. రాసుకున్నాను కానీ పెన్ను పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. పదకొండేళ్ళుగా మన ఉగాది అక్కడే, బతుకమ్మ అక్కడే, శనివారం తెలుగు బడి అక్కడే, మా పెద్దమ్మాయి అ అమ్మ, ఆ ఆవు అని దిద్దింది ఆ వెనక చిన్న గదిలోనే, హీటర్ సరిగ్గా పనిచెయ్యక పిల్లలు కోట్లు వేసుకునే కూర్చునేవాళ్ళు. ఆ హాల్ చేతులు మారి ఏడాది దాటిందట, మన కమిటీలో ఒక్కరికీ తెలీదు.

తర్వాత వారం ఫారం సంతకం పెట్టడానికి వెళ్ళాను. ట్రస్ట్ చూసుకునే ఆవిడకి డెబ్భై పైనే ఉంటాయి, ఇదివరకు బుధవారాలు ముసలివాళ్ళకి భోజనాలు పెట్టే క్లబ్ నడిపేది, మీలో చాలామంది చూసే ఉంటారు. టీ పెట్టి ఇచ్చింది. హాలంతా తిప్పి చూపించింది. కిటికీలకి రెండు పొరల అద్దాలు వేయించారు, అటక మీద మందంగా ఇన్సులేషన్ పరిపించారు, దక్షిణం వైపు కప్పు మీద సోలార్ ప్యానెల్స్, పాత బాయిలర్ ఉండే అల్మారాలో ఇప్పుడు ఇన్వర్టర్ పచ్చ లైటుతో మెరుస్తోంది. ఈ పనులన్నీ చేసింది మన ఊరి వాళ్ళేనట, కిటికీలు బిగించిన కుర్రాడు ఇక్కడి కాలేజీలోనే అప్రెంటిస్. చెప్తూ చెప్తూ ఆవిడ మామూలుగా అడిగింది, మీరు ఇన్నేళ్ళుగా వాడుకుంటున్నారు కదా, మూసేస్తారని మీటింగ్ పెట్టినప్పుడు మీ వాళ్ళు ఎవరూ రాలేదేం, మీకోసం చూశాం అని. నిష్ఠూరం కూడా కాదు అది, నిజంగా తెలుసుకుందామనే అడిగింది. నా దగ్గర సమాధానం లేదు.

సమాధానం తర్వాత నా ఫోన్‌లోనే దొరికింది. రెండేళ్ళ క్రితం కౌన్సిల్ ఎనిమిది వారాల కన్సల్టేషన్ పెట్టింది, ఖర్చులు భరించలేకపోతున్నాం, ఈ హాల్ అమ్మేద్దామనుకుంటున్నాం, వాడుకునేవాళ్ళు అభిప్రాయం చెప్పండి అని. ఆ లింక్ నేనే మన వాట్సాప్ గ్రూప్‌లో పెట్టాను. 400 పైచిలుకు మంది ఉన్న గ్రూప్. దానికి పైన ఒక గుడ్ మార్నింగ్ పువ్వు, కింద హైదరాబాద్ వెళ్ళేవాళ్ళెవరైనా అమ్మకి మందులు తీసుకెళ్ళగలరా అన్న మెసేజ్. ఆరుగురు బొటనవేలు పెట్టారు. ఫారం నింపినవాళ్ళు ఎవరూ లేరు. నేనూ నింపలేదు. రాత్రికి చూద్దాం అనుకున్నాను, ఆ రాత్రి రాలేదు.

అదే సమయంలో ఆ భోజనాల క్లబ్ వాళ్ళు, పక్కన కూరగాయల మళ్ళు పెంచుకునే అలాట్‌మెంట్ వాళ్ళు కలిసి ఏం చేశారంటే, 2011లో వచ్చిన లోకలిజం యాక్ట్ కింద ఆ హాల్‌ని ఊరి వాళ్ళకి విలువైన ఆస్తి అని లిస్ట్ చేయించారు. అలా లిస్ట్ అయితే కౌన్సిల్ వెంటనే బయటివాళ్ళకి అమ్మెయ్యడానికి లేదు, మేం తీసుకుంటాం అని ఊరి సంఘం ముందుకొస్తే అప్పటి రూల్ ప్రకారం ఆరు నెలలు టైం ఇవ్వాలి. ఆ ఆరు నెలల్లో వాళ్ళు చందాలు వసూలు చేసి, లెక్కలు రాసి, కౌన్సిల్‌ని ఒప్పించి అమ్మకం ఆపించి, నామమాత్రం అద్దెకి లీజు తీసుకున్నారు. వాళ్ళేం లాయర్లు కాదు, రిటైరైన పోస్ట్‌మ్యాన్, టీచరు, ఒక నర్సు. మనలో ప్రాజెక్ట్ మేనేజర్లే యాభై మంది ఉంటారు.

మా నాన్న ఉంటే ఏమనేవాడో నాకు తెలుసు. కృష్ణా జిల్లాలో మా ఊళ్ళో 95 పంచాయతీ ఎన్నికల్లో ఆయన వార్డు మెంబర్‌గా గెలిచాడు, ఒక్క టర్మే. గ్రామసభ అంటే ముందురోజు సాయంత్రం దండోరా వేసేవాళ్ళు, వీధి వీధికీ డప్పు వినపడేది, రాను అనేవాళ్ళని కూడా మా నాన్న ఇంటికెళ్ళి పిలుచుకొచ్చేవాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద నేను కూర్చుని చూసిన ఒక గొడవ ఇప్పటికీ బాగా గుర్తు. మా వీధి మురుగుకాలవ పని బెజవాడ కాంట్రాక్టర్‌కి ఇస్తున్నారు, ఆయన కూలీలని కూడా బయటినుంచే తెస్తాడు. మా నాన్న లేచి, పనిని మూడు ముక్కలు చెయ్యండి, మన తాపీ మేస్త్రీలు ముగ్గురున్నారు, మన ఊరి డబ్బు వాళ్ళ చేతికొస్తే సాయంత్రానికి మన కొట్లోనే ఖర్చవుతుంది, బెజవాడ వెళ్ళిన రూపాయి తిరిగి రాదు అన్నాడు. ఎవరూ వినలేదు. కాంట్రాక్టరే కట్టాడు, రెండు వానాకాలాలకి కాలవ గోడ కూలింది. ఆయన ఓడిపోయిన మాట అది, కానీ నేను మర్చిపోలేదు.

ఇంగ్లండ్ వచ్చిన చాలా ఏళ్ళకి లాంకషైర్ కౌంటీలో ఉన్న ప్రెస్టన్ గురించి చదివినప్పుడు ఆ మాటే మళ్ళీ వినపడింది. అక్కడ ఊరి మధ్యలో 700 మిలియన్ పౌండ్లతో పెద్ద షాపింగ్ సెంటర్ కడతారని ఏళ్ళ తరబడి ఎదురుచూశారు, 2011లో జాన్ లూయిస్ అనే పెద్ద దుకాణాల సంస్థ వెనక్కి తగ్గాక ఆ ప్లాన్ మొత్తం కూలిపోయింది. ఇంక బయటినుంచి వచ్చి ఉద్ధరించేవాళ్ళు లేరని తేలాక, మాథ్యూ బ్రౌన్ అనే కౌన్సిలర్, ఆయనతో ఉన్నవాళ్ళు ఒక సాదా ప్రశ్న వేసుకున్నారు. మన ఊళ్ళో కౌన్సిల్ ఉంది, కౌంటీ కౌన్సిల్ ఉంది, పోలీసు, కాలేజీలు, హౌసింగ్ సంస్థ ఉన్నాయి, వీళ్ళంతా కలిసి ఏడాదికి 750 మిలియన్ పౌండ్ల దాకా సరుకులకీ పనులకీ ఖర్చు పెడుతున్నారు, ఆ డబ్బు ఎక్కడికి పోతోంది? లెక్క తీస్తే 2012-13లో ప్రెస్టన్ లోపల ఖర్చయ్యేది 5 శాతమే, లాంకషైర్ మొత్తం కలిపినా 39 శాతం. చిల్లు కుండలో నీళ్ళు పోసినట్టు. మాంచెస్టర్‌లోని క్లెస్ అనే సంస్థ సాయంతో వాళ్ళు కొనే పద్ధతి మార్చారు. స్కూల్ భోజనాల కాంట్రాక్ట్ ఒక్కటే పెద్దదిగా ఉంటే పెద్ద కంపెనీలే టెండర్ వెయ్యగలవు, దాన్ని గుడ్లు, పాలు, చీజ్, పెరుగు అని చిన్న చిన్న ముక్కలు చేస్తే లాంకషైర్ రైతుల సరుకు అమ్మేవాళ్ళూ వెయ్యగలిగారు. 2016-17కి ప్రెస్టన్ వాటా 18 శాతం దాటింది, లాంకషైర్‌ది 79 దాటింది. కొత్తగా ఖర్చు పెంచి కాదు, పెట్టే ఖర్చునే మళ్ళించి. సరుకు దగ్గర్నుంచి వస్తే లారీ తిరిగే దూరం కూడా తగ్గుతుంది, పర్యావరణం అని విడిగా బోర్డు పెట్టక్కర్లేదు.

మా నాన్న మూడు ముక్కలు చెయ్యమన్నదీ ఇదే కదా.

నాటింగ్‌హామ్‌లో ఉండే మనవాళ్ళకి ఇంకోటి బాగా తెలుసు, ఆఫీస్ కార్ పార్కింగ్ మీద పన్ను. 2012 నుంచి 11 అంతకంటే ఎక్కువ పార్కింగ్ స్థలాలున్న కంపెనీలు కౌన్సిల్‌కి డబ్బు కట్టాలి, ట్రామ్ లైన్లు పొడిగించడానికి ఆ డబ్బు కూడా వాడారు, 2015లో కొత్త లైన్లు మొదలయ్యాయి. మన ఐటీ ఫ్రెండ్స్ ఆ పన్నుని తిట్టుకోవడం నేను చాలా విన్నాను, వాళ్ళే పొద్దున ట్రామ్ ఎక్కి ఆఫీసుకి వెళ్ళడమూ చూశాను. నారిచ్‌లో గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ అని కౌన్సిల్ వాళ్ళే కట్టిన 105 ఇళ్ళున్నాయి, చలికాలంలో కూడా దాదాపు హీటింగ్ అక్కర్లేనంత కట్టుదిట్టంగా కట్టారు, 2019లో ఈ దేశంలో పెద్ద ఆర్కిటెక్చర్ బహుమతి స్టర్లింగ్ ప్రైజ్ ఆ అద్దె ఇళ్ళకే వచ్చింది. కౌన్సిల్ అంటే చెత్తబుట్టలు, కౌన్సిల్ టాక్స్ బిల్లు అంతే అనుకునేవాళ్ళు వీలైతే ఒకసారి వెళ్ళి ఆ వీధిలో నడిచి రండి.

కౌన్సిల్ ఏం చేసినా మంచే అని నేను అనట్లేదు. బర్మింగ్‌హామ్ కౌన్సిల్ 2023 సెప్టెంబర్‌లో చేతులెత్తేసింది, ఖర్చులకి సరిపడా డబ్బు లేదని సెక్షన్ 114 నోటీస్ ఇచ్చింది, సమాన జీతాల బకాయిలు ఒకవైపు, చెడిపోయిన కంప్యూటర్ సిస్టమ్ ఇంకోవైపు. వోకింగ్ పెద్ద పెద్ద టవర్లు కట్టించి అప్పుల్లో మునిగింది. థర్రాక్ అయితే సోలార్ పేరు మీద అప్పు తెచ్చి పెట్టుబడులు పెట్టి 2022లో దివాలా స్థితికొచ్చింది, పచ్చగా కనపడే ప్రతిదీ మంచి లెక్క కాదని అది చూస్తే తెలుస్తుంది. నాటింగ్‌హామ్ సొంతంగా పెట్టిన కరెంటు కంపెనీ కూడా 2020లో మూతపడింది. పైనుంచి వచ్చే గ్రాంట్లు 2010 తర్వాత బాగా తగ్గిపోయాయి, ఉన్న డబ్బులో పెద్ద భాగం వృద్ధుల సంరక్షణకీ పిల్లల సంరక్షణకీ పోతుంది, అది తప్పదు. ఇవన్నీ నిజమే. కానీ వీటిలో చాలావాటికి మూలం ఎవరూ కూర్చుని అడక్కపోవడమే అని నాకనిపిస్తుంది. అప్పు పేపర్లు మీటింగ్‌కి వచ్చినప్పుడు పబ్లిక్ గ్యాలరీలో కుర్చీలు ఖాళీగా ఉంటే ఎవరికి భయం ఉంటుంది?

ఇండియాలో మన సొంతూళ్ళకి మనం సాయం చేసే పద్ధతి కూడా ఇలాగే ఉంది, ఇది రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. మా ఊళ్ళో మేం ఎన్నారైలం కలిసి మంచినీళ్ళ ప్లాంట్ పెట్టించాం, నేనూ డబ్బిచ్చాను, పేర్లతో పాలరాయి ఫలకం వేశారు, నా పేరు నాలుగోది. పంచాయతీతో ఒక్క మాట మాట్లాడలేదు, వాళ్ళతో పెట్టుకుంటే పని అవ్వదు అనుకున్నాం. రెండేళ్ళకి ఫిల్టర్ పాడైంది, మార్చాల్సింది ఎవరో తెలీదు, కరెంటు బిల్లు ఎవరు కట్టాలో తెలీదు, మొన్న వెళ్తే షట్టర్‌కి తాళం, ఫలకం మాత్రం శుభ్రంగా ఉంది. అదే వరంగల్ దగ్గర గంగదేవిపల్లి వాళ్ళు నీళ్ళకి ఊళ్ళోనే కమిటీ వేసుకుని, డబ్బు వాళ్ళే వసూలు చేసుకుని, వాళ్ళే నడుపుకుని దేశమంతా చూడటానికి వచ్చేంత పేరు తెచ్చుకున్నారు. పంచాయతీల కోసం చేసిన రాజ్యాంగ 73వ సవరణ 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చింది, అందులో 29 విషయాలు పంచాయతీలకి ఇవ్వొచ్చని రాసుంది, తాగునీరు, చిన్న పరిశ్రమలు, చెట్ల పెంపకం, అన్నీ. ఆ అధికారాలు, నిధులు కింద దాకా సరిగ్గా రాలేదని మనమే విమర్శిస్తాం, వచ్చిన కాస్త అధికారాన్ని మనమే పక్కన పెట్టి దాటేసి వెళ్తున్నాం. మన ఊరిమీద ప్రేమ లేక కాదు, పాపం అందరం జీతంలోంచే పంపిస్తున్నాం, కానీ ఆ ప్రేమ ఊరిని నమ్మట్లేదు.

ఇక్కడ మన సంఘం డబ్బు చూడండి. పోయిన ఉగాదికి 14 వేల పౌండ్లు ఖర్చయ్యాయి, లెక్కలు నేనే రాశాను. భోజనం 120 మైళ్ళ దూరంనుంచి, స్టేజి డెకరేషన్ ఆన్‌లైన్‌లో, సౌండ్ లండన్‌నుంచి. ఊళ్ళో ఖర్చయింది హాల్ అద్దె, పాలు, అంతే. మన మార్కెట్‌లో కూరగాయలమ్మే స్టాల్స్ ఒక్కోటీ మూతపడుతుంటే అయ్యో అనుకుంటూ పక్కనుంచి వెళ్ళిపోతున్నాం. పులిహోరకి ఇక్కడివాళ్ళని పెట్టమని నేను అనట్లేదు, కానీ కూరగాయలు, పువ్వులు, కుర్చీలు, సౌండ్, ప్రింటింగ్ ఇవన్నీ మన ఊళ్ళో దొరికేవే. మన ఊళ్ళోనే ఇంట్లో వంట చేసి అమ్మే అక్కలు నలుగురున్నారు, నాలుగు ముక్కలుగా ఆర్డర్ ఇస్తే వాళ్ళు చెయ్యలేరా? ప్లేట్ల సంగతి కూడా చెప్పాలి, ఇంగ్లండ్‌లో 2023 అక్టోబర్ 1 నుంచి వాడి పారేసే ప్లాస్టిక్ ప్లేట్ల సప్లై నిషేధం, మన స్టోర్ రూమ్‌లో ఇంకా పాత డబ్బాలు తీసి పంచుతున్నాం. విస్తరాకులో తిన్నవాళ్ళం మనం.

ఇంకొక్క విషయం, ఇది చాలామందికి తెలీదని నాకు ఈమధ్యే అర్థమైంది. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా, వర్క్ వీసా మీద ఉన్నా, కామన్వెల్త్ పౌరులుగా మనకి ఇక్కడ కౌన్సిల్ ఎన్నికల్లో ఓటు ఉంది, ముందుగా పేరు రిజిస్టర్ చేసుకోవాలి. ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వస్తే కౌన్సిలర్‌గా నిలబడొచ్చు కూడా. కౌన్సిల్ ఎన్నికల్లో ఓటేసేది చాలాచోట్ల మూడో వంతు మందే, కొన్ని వార్డుల్లో పదుల ఓట్లతోనే ఫలితం తారుమారవుతుంది. ఇండియా ఎన్నికలకి రాత్రంతా మేల్కొని రిజల్ట్స్ చూసే మనం మన వీధి కౌన్సిలర్ పేరు చెప్పలేకపోతున్నాం.

కమిటీ వాళ్ళని నేను బతిమాలుకుంటున్నాను, ఈ పత్రికలో ఒక పేజీ కౌన్సిల్‌కి ఇవ్వండి, ఏ కన్సల్టేషన్ నడుస్తోంది, ఆఖరు తేదీ ఎప్పుడు, తెలుగులో రెండు లైన్లు చాలు. ఆ లింక్ వాట్సాప్‌లో పడేసి ఊరుకోకుండా, దండోరా వేసినట్టు పదిమందికి ఫోన్లు చేద్దాం, శనివారం బడికి పిల్లల్ని తీసుకొచ్చే అమ్మానాన్నలు అరగంట ఎలాగూ కూర్చునే ఉంటారు, లాప్‌టాప్ ఒకటి పెడితే అక్కడే ఫారాలు నింపించొచ్చు. వచ్చే నెల లైబ్రరీ వేళలు తగ్గించడం మీద కన్సల్టేషన్ మొదలవుతోంది, తెలుగు పుస్తకాల అలమర ఉన్నది ఆ లైబ్రరీలోనే.

హాల్ ట్రస్ట్‌లో రెండు ట్రస్టీ స్థానాలు ఖాళీగా ఉన్నాయని ఆ రోజు టీ తాగుతుంటే ఆవిడ చెప్పింది. ఒకదానికి నేను దరఖాస్తు ఇచ్చాను. రెండోదానికి మే 15 దాకా టైం ఉంది, ఫారం నా దగ్గర ఉంది, నాలుగు పేజీలే.