చెప్పేవాళ్ళ భాష కూడా ముఖ్యమే
యూనివర్సిటీలు కొత్త వంగడాలు కనిపెడితే పల్లెలు వాటంతటవే బాగుపడతాయన్నట్టు కొందరు రాస్తుంటారు, అది సగమే నిజం. మాది పర్లాకిమిడి దగ్గర ఊరు, ఒడిశాలో ఉన్నా ఇంట్లో తెలుగే, మా నాన్నకి ఒడియా మాట్లాడ్డం వచ్చు గానీ చదవడం రాదు. భువనేశ్వర్ వ్యవసాయ యూనివర్సిటీ 1962 నుంచి ఉంది, లలాట్, ప్రతీక్ష్య లాంటి మంచి వరి రకాలు ఇచ్చింది, కాదనను, కానీ ఒడియా కరపత్రం ఇస్తే నాన్న మడిచి చూరులో దోపేసి పురుగుమందుల షాపులో అడుగుతాడు, వాళ్ళు ఏది అమ్ముడుపోకపోతే అది అంటగడతారు. రెండేళ్ళ కిందట తెలుగొచ్చిన ఒకమ్మాయి ట్రైనింగ్ అయ్యి వచ్చి మా కళ్ళంలోనే బకెట్ నీళ్ళలో కోడిగుడ్డు పైకి తేలేదాకా ఉప్పు కలిపి, అందులో వరి విత్తనం పోసింది, తాలు గింజలన్నీ పైకొచ్చేశాయి, అడుగున మిగిలిన గట్టి గింజల్ని మంచినీళ్ళతో బాగా కడిగి నారు పోశాం. పావుగంట పని. నారు అంతా ఒకే ఎత్తున లేచింది, అది చూసి మా వీధిలో ఐదారిళ్ళ వాళ్ళు అలాగే చేశారు, ఎవరూ మీటింగ్ పెట్టలేదు. సరిహద్దు జిల్లాల్లో రైతులకి సాగు పద్ధతులు నేర్పే కృషి విజ్ఞాన కేంద్రాల్లో తెలుగు వచ్చినవాళ్ళని, సవర భాష వచ్చినవాళ్ళని కూడా వెయ్యాలి, కొండమీద సవర రైతుల పరిస్థితి మాకన్నా కష్టం.